ఒక్క రోజు ఖరీదు 2,740 పౌండ్లు

"డబ్బు పిల్లల కోసమేనా అండీ?" మేం చందాలు అడగడం మొదలుపెట్టాక మొదట ఎదురైన ప్రశ్న ఇదే. ఇక్కడ ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో మాకు తెలిసిన తెలుగు కుటుంబాలన్నీ ఏదో ఒక రూపంలో ఇదే అడిగాయి. తమ్ముడు పోయాడు, మరదలు ఇద్దరు పసిపిల్లలతో మిగిలింది, కాబట్టి వాళ్ల చదువులకో ఇంటి లోనుకో అనుకున్నారు. కాదండీ, బ్రెయిన్ ట్యూమర్ మీద పరిశోధనకి అంటే అవతలి నుంచి కాసేపు మాట వచ్చేది కాదు. ఒకావిడ ఎంతో ఆప్యాయంగా, "లాబులకి గవర్నమెంటు ఇస్తుందిగా అమ్మా, నేను పిల్లల పేరు మీదే వేస్తాను, అకౌంటు నంబరు పంపు" అన్నారు.

ఇచ్చే మనసు లేక కాదు. కళ్లెదుట కష్టం కనిపిస్తే మనవాళ్లు చెయ్యి వెనక్కి తీసుకోరు. ఆసుపత్రి బిల్లు కట్టాలన్నా, పోయిన మనిషిని ఇండియా పంపాలన్నా వాట్సాప్ గ్రూపుల్లో తెల్లారేసరికి వేల పౌండ్లు పోగవుతాయి. కానీ ముక్కూమొహం తెలియని మనిషికి, ఇంకో పదేళ్లకో పదిహేనేళ్లకో రాబోయే జబ్బు కోసం ఇవాళ ఇవ్వమని అడగడం వేరు. అలా అడగడం మేం ఎలా నేర్చుకున్నామో, ఏది పనికొచ్చిందో రాస్తున్నాను. మా తర్వాత మొదలుపెట్టేవాళ్లు ఉంటారు కాబట్టి.

తమ్ముడికి వచ్చింది గ్లియోబ్లాస్టోమా, మెదడులో పుట్టే క్యాన్సర్ కణితి. 2023లో, చలి తగ్గే రోజుల్లో మొదలైంది. పొద్దున్న లేవగానే తలనొప్పి. మైగ్రేన్ అన్నారు, మాత్రలిచ్చారు. తర్వాత మాటలు దొరకడం మానేశాయి. చెంచా కావాలంటే "అదే, అన్నంలోది" అనేవాడు. చివరికి కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్ష చేసినామె కంటి వెనక నరం ఉబ్బి ఉండటం చూసి, అద్దాల సంగతి పక్కనపెట్టి, అదే రోజు ఆసుపత్రికి పంపింది.

ఆపరేషన్‌కి ముందు ఒక ద్రావణం తాగించారు. అది తాగితే నీలి వెలుగులో కణితి గులాబి రంగులో మెరుస్తుంది, ఎక్కడిదాకా తియ్యాలో సర్జన్‌కి తెలుస్తుంది. మెరిసినంత మేరా తీశారు. అయితే ఈ కణితికి ఫలానా చోట ఆగిందని చెప్పే అంచు ఉండదు, మంచి మెదడులోకి మర్రివేళ్లలా పాకిపోయి ఉంటుంది. తర్వాత అందరికీ చేసేదే వాడికీ చేశారు. మొహానికి మాస్క్ బిగించి ఆరు వారాలు రేడియేషన్, 30 విడతల్లో మొత్తం 60 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), దానితోపాటు టెమొజోలొమైడ్ అనే కీమో మాత్రలు. ఆపైన నెలకి ఐదు రోజుల చొప్పున మళ్లీ అవే మాత్రలు.

ఒక రాత్రి మరదలు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఈ వైద్యం 2005లో వచ్చిన పరిశోధన ప్రకారం చేస్తున్నదని చదివిందట. "వదినా, ఇరవై ఏళ్లు కావస్తోంది. ఇంకేం రాలేదా?" అని అడిగింది. నాకు తెలియదు. తర్వాతి వారం డాక్టరు గారిని అడిగాం. ఆయన దాచలేదు. చాలా మందులు ప్రయత్నించారు, చాలావరకు నిలబడలేదు అన్నారు. రక్తానికీ మెదడుకీ మధ్య ఒక అడ్డుగోడ ఉంటుంది, ఎన్నో మందులు దాన్ని దాటి లోపలికి వెళ్లలేవు అని బొమ్మ గీసి చూపించారు. పైగా ఒకే కణితిలో కణాలన్నీ ఒక్కలా ఉండవు, కొన్ని చస్తే కొన్ని మిగులుతాయి.

2024 వేసవిలో తమ్ముడు వెళ్లిపోయాడు. నలభై నిండలేదు.

అంత్యక్రియలు జరిపించే ఆయన, పూలకి బదులు ఏదైనా చారిటీకి విరాళాలు తీసుకుంటారా, కవర్లు పెట్టమంటారా అని అడిగారు. ఇక్కడ అది మామూలు పద్ధతి. నాకు ఆ నిమిషంలో ఏమీ తోచలేదు. మరదలే "పెట్టండి, బ్రెయిన్ ట్యూమర్ రీసెర్చ్‌కి" అంది. వంటింట్లో అడిగిన ప్రశ్నని అది మర్చిపోలేదు.

బ్రెయిన్ ట్యూమర్ రీసెర్చ్ అన్నది ఇక్కడ మిల్టన్ కీన్స్‌లో ఉన్న ఒక చారిటీ పేరు. రోగులకి సాయం చేసే సంస్థలు ఇంకా ఉన్నాయి, మంచివే. వీళ్ల పని పరిశోధన కేంద్రాలకి ఏళ్ల తరబడి ఆగకుండా డబ్బు అందించడం. లండన్‌లో క్వీన్ మేరీ యూనివర్సిటీ, ఇంపీరియల్ కాలేజీ, లండన్ బయట ప్లిమత్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఆ కేంద్రాలున్నాయి. వీళ్లు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: 2002లో లెక్కలు రాయడం మొదలైన దగ్గర్నుంచి ఈ దేశంలో క్యాన్సర్ పరిశోధనకి అయిన ఖర్చులో బ్రెయిన్ ట్యూమర్లకి దక్కింది 1 శాతం. పిల్లల్నీ, నలభై లోపు వాళ్లనీ ఇక్కడ వేరే ఏ క్యాన్సరూ ఇంతగా పొట్టనపెట్టుకోవడం లేదు. ఆ రెండు వాక్యాలు పక్కపక్కన చదివాక నాకు నిద్ర పట్టలేదు.

"గవర్నమెంటు ఇస్తుందిగా" అన్నవాళ్లకి నేను చెప్పేది ఇది. ఇస్తుంది, అడిగితే. ఇరవైల్లో ఉన్న కొడుకుని పోగొట్టుకున్న ఒక కుటుంబం పార్లమెంటుకి పిటిషన్ పెడితే 1,20,000 మందికి పైగా సంతకాలు చేశారు. దానిమీద 2016 ఏప్రిల్‌లో చర్చ జరిగింది. 2018లో మాజీ మంత్రి టెస్సా జొవెల్ గ్లియోబ్లాస్టోమాతో బాధపడుతూ, పోవడానికి కొన్ని నెలల ముందు పార్లమెంటు పైసభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో లేచి మాట్లాడారు. ఆ ఏడాదే ప్రభుత్వం 4 కోట్ల పౌండ్లు ప్రకటించింది. ఐదేళ్లకి పార్లమెంటు సభ్యుల బృందం లెక్క చూస్తే అందులో సగం కూడా పరిశోధకుల చేతికి చేరలేదు. సర్కారు డబ్బు గట్టి ఆధారాలున్న ప్రాజెక్టులకి వస్తుంది. ఆ ఆధారాలు సంపాదించడానికి మొదట ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి. చారిటీ డబ్బు పనికొచ్చేది అక్కడ.

ఇంత చెప్పినా మా అమ్మ ఒప్పుకోలేదు. తెనాలి నుంచి మాకు తోడుగా ఉండటానికి వచ్చింది. "రామాలయంలో అన్నదానం చేయిస్తే వాడికి పుణ్యం. ఈ తెల్లవాళ్ల లాబుకి మనమిచ్చేదేంటే?" అంది. కోపంగా కాదు, నిజంగా అర్థం కాక. కొడుకు పేరు మీద పెట్టే ఖర్చు ఆకలిగొన్నవాడి నోటికి వెళ్లాలని ఆవిడ నమ్మకం. అందులో తప్పేముంది?

ఆవిడకి చెప్పడానికి కూర్చున్నప్పుడే మాకు చెప్పాల్సిన మాట దొరికింది. తమ్ముడు మింగిన టెమొజోలొమైడ్ ఎక్కడిది అని వెతికాను. పుట్టింది ఈ దేశంలోనే. బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ యూనివర్సిటీ. 1980ల్లో ప్రొఫెసర్ మాల్కమ్ స్టీవెన్స్ బృందం తయారుచేసింది. మనుషుల మీద తొలి పరీక్షలు నడిపింది క్యాన్సర్ రిసెర్చ్ క్యాంపెయిన్ అనే చారిటీ. అంటే జనం వేసిన చందాలు. డబ్బాల్లో చిల్లర, పోయినవాళ్లు వీలునామాలో రాసిన సొమ్ము. తర్వాత 2005లో 573 మంది రోగుల మీద జరిగిన పరీక్షలో, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో మధ్యస్థ ఆయుర్దాయం 12.1 నెలలు ఉంటే, ఈ మాత్ర కూడా కలిపి ఇచ్చినవాళ్లలో 14.6 నెలలు వచ్చింది. రెండున్నర నెలలు. చిన్న తేడాలానే కనిపిస్తుంది. మా చిన్నాడు మొదటిసారి స్కూలుకి వెళ్లిన రోజు వాళ్ల నాన్న గేటు దాకా నడిచి వెళ్లాడు. ఆ మాత్ర లేకపోతే ఆ రోజు ఉండేదో లేదో ఎవరు చెప్పగలరు?

ఇదంతా అమ్మకి తెలుగులో మెల్లగా చెప్పాను. విని, "అంటే వాడు మింగింది ఎవరో దానమిచ్చిన మాత్రే అన్నమాట" అంది. ఆ తర్వాత మళ్లీ వద్దనలేదు. తెనాలిలో నాన్న రామాలయంలో అన్నదానమూ చేయించారు. ఇక్కడ అమ్మ బొబ్బట్లకి ఎన్ని కిలోల శనగపప్పు కావాలో లెక్క వేయడం మొదలుపెట్టింది.

చారిటీ వాళ్ల దగ్గర ఒక లెక్కుంది. ఒక కేంద్రంలో ఒక్క రోజు పరిశోధన జరగడానికి 2,740 పౌండ్లు. ఏడాదికి పది లక్షల పౌండ్లన్నమాట. అంత పోగుచేసిన కుటుంబం పేరున ఆ కేంద్రంలో 'వాల్ ఆఫ్ హోప్' అనే గోడ మీద ఒక పలక పెడతారు, ఆ రోజుని వాళ్లు దత్తత తీసుకున్నట్టు. మరదలు అదే లక్ష్యంగా పెట్టుకుంది. ఆన్‌లైన్లో విరాళాలు పోగుచేసే జస్ట్‌గివింగ్ సైట్లో పేజీ తెరిచాం. అందులో వేసింది నేరుగా చారిటీకే వెళ్తుంది, మన అకౌంట్లోకి రాదు. ఇది ముందే చెప్పడం చాలా అవసరం. సొమ్ము మా చేతుల మీదుగా వెళ్లకపోతేనే అందరికీ నిశ్చింత, మాకూ నిశ్చింత.

గిఫ్ట్ ఎయిడ్ సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది ఆ టిక్ పెట్టకుండా వదిలేస్తారు. ఇక్కడ ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లు విరాళమిచ్చి ఆ టిక్ పెడితే, పౌండుకి 25 పెన్నీలు చారిటీ ప్రభుత్వం దగ్గర వసూలు చేసుకుంటుంది. ఇచ్చినవాళ్లకి అదనంగా పైసా ఖర్చు లేదు. ఇంటి అడ్రసు అడుగుతుంది కాబట్టి భయపడి దాటేస్తారు. ఫోన్ చేసి మరీ చెప్పాం. అదే సమయంలో, ట్యాక్స్ కట్టని విద్యార్థులని టిక్ పెట్టొద్దని చెప్పాం. కట్టని పన్నుకి టిక్ పెడితే ఆ తేడా ఇచ్చినవాళ్ల నుంచే వసూలు చేసే వీలుంది. ఇంకోటి: తిండి అమ్మిన డబ్బుకి, రాఫిల్ (లక్కీ డ్రా) టికెట్లకి గిఫ్ట్ ఎయిడ్ రాదు. ఊరికే ఇచ్చిన విరాళానికే వస్తుంది. అందుకని మా స్టాల్లో అమ్మకాలకి ఒక డబ్బా, విరాళాలకి గిఫ్ట్ ఎయిడ్ కవర్లతో ఇంకో డబ్బా పెట్టాం.

ఇండియా నుంచి పంపుతామన్న చుట్టాలకి మాత్రం పంపొద్దన్నాం. ముంబైలో టాటా మెమోరియల్ ఉంది, అక్కడ ఇవ్వండి, తమ్ముడి పేరు చెప్పుకుని ఇవ్వండి అన్నాం. కొందరు ఇచ్చి రసీదు ఫొటో పంపారు. మా పేజీలో ఆ అంకె కనపడదు, అయితేనేం.

మొదట ఫిబ్రవరిలో రోజుకి పదివేల అడుగులు నడిచే కార్యక్రమంలో చేరాం. చారిటీ వాళ్లదే. మా వారు, నేను, మరదలు, వంతులవారీగా పిల్లలు. చలి, వాన, కెన్నెట్ నది ఒడ్డున బురద. దీనివల్ల వచ్చిన డబ్బు ఎక్కువేం కాదు. కానీ ఆఫీసులో నా పక్కన కూర్చునే ఆమె ఎందుకు నడుస్తున్నావని అడిగింది. చెప్పాను. మా కంపెనీలో ఉద్యోగులు పోగుచేసిన దానికి కొంత మేర కంపెనీ కూడా కలుపుతుందని, ఫారం ఎక్కడుందో చూపించింది. మీ ఆఫీసులో ఉందేమో తప్పకుండా అడగండి. నేను అక్కడ అన్నేళ్లుగా పనిచేస్తున్నా ఆ సౌకర్యం ఉన్నట్టు వినలేదు.

మార్చి ఇక్కడ బ్రెయిన్ ట్యూమర్ అవగాహన నెల. నెలాఖరులో 'వేర్ ఎ హ్యాట్ డే' చేస్తారు, అందరూ టోపీలు పెట్టుకుని తలా ఒక పౌండో రెండో వేస్తారు. స్కూలు వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. పెద్దదానికి అమ్మ కండువాతో తలపాగా చుట్టింది, తాతయ్య చుట్టుకునేలాగే. క్లాసులో ఎందుకో చెప్పమంటే లేచి నిలబడి "మా నాన్న తలలో వచ్చిన జబ్బుకి మందు కనిపెట్టడానికి" అని ఇంగ్లీషులో చెప్పిందట. టీచరు మరదలికి ఫోన్ చేసి చెప్పారు.

ఆ ఏడాది, 2025లో, ఉగాది మార్చి 30న ఆదివారం వచ్చింది. ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరిపే రోజూ అదే, మదర్స్ డే కూడా అదే. తెలుగు సంఘం వాళ్లు హాల్లో ఒక మూల మాకు రెండు బల్లలు ఇచ్చారు. రోడ్ల మీద డబ్బా పట్టుకుని అడగాలంటే కౌన్సిల్ లైసెన్సు కావాలి, లోపల కార్యక్రమంలో నిర్వాహకుల అనుమతి చాలు. రాఫిల్ కూడా అంతే. టికెట్లు అక్కడికక్కడే అమ్మితే లైసెన్సు అక్కర్లేదు, ముందుగా ఊరంతా అమ్మాలంటే కౌన్సిల్లో నమోదు చేయించుకోవాలి. ఒకావిడ కొత్త మంగళగిరి చీర ఇచ్చారు, ఇంకొకరు ప్రెషర్ కుక్కర్.

తిండి దగ్గర మరదలు చాలా పట్టుదలగా ఉంది. ఇక్కడ ఆహారం అమ్మేవాళ్లు, పడకపోతే ప్రమాదమయ్యే 14 రకాల పదార్థాలు అందులో ఉన్నాయో లేదో చెప్పాలి. మాది ఒక్కపూట చారిటీ స్టాల్ అయినా సరే, ప్రతి గిన్నె ముందూ కార్డు పెట్టాల్సిందే అంది. ముందు రోజు రాత్రి కూర్చుని రాశాం. బొబ్బట్లు: గోధుమ, పాలు. మినప గారెల్లో పేచీ లేదనుకున్నాం. పులిహోర దగ్గర ఆగిపోయాం. వేరుశెనగ ఉంది, జీడిపప్పు ఉంది, ఆవాలు ఉన్నాయి. ఆవాలు కూడా ఆ 14లో ఒకటి. సరే రాశాం. మరదలు ఇంగువ డబ్బా తిప్పి చదివింది. అందులో గోధుమపిండి కలుపుతారు. అంటే బియ్యంతో చేసిన పులిహోరకి కూడా గోధుమ అని రాయాలి. అమ్మ నమ్మలేదు, కళ్లజోడు పెట్టించుకుని డబ్బా తనే చూసింది. గారెల్లోనూ ఇంగువ వేశాం కాబట్టి ఆ కార్డూ మార్చాం. మర్నాడు గోధుమ పడని ఒక తెల్లావిడ కార్డు చదివి పులిహోర వదిలేసి పండ్లరసం తీసుకుని, పది పౌండ్లు విరాళాల డబ్బాలో వేసి వెళ్లింది.

అన్నిటికన్నా పనిచేసింది మాత్రం గంటల పట్టిక. దీన్ని మా వారు ఆలోచించారు. 2,740 పెద్ద అంకె, ఎవరికీ తమది అనిపించదు. దాన్ని 24తో భాగిస్తే గంటకి 114 పౌండ్లు. పెద్ద అట్టమీద 24 గళ్లు గీసి, అర్ధరాత్రి పన్నెండు నుంచి మళ్లీ అర్ధరాత్రి దాకా గంటలు రాసి, స్టాల్ వెనక గోడకి అంటించాం. పట్టిక పైన తమ్ముడు మింగిన మాత్ర కథ నాలుగు వాక్యాల్లో తెలుగులో, ఇంగ్లీషులో రాశాం. ఒక గంట తీసుకోండి, అర్ధగంటయినా పర్వాలేదు అన్నాం.

జనం పట్టిక ముందు ఆగారు. నేను ఊహించనిది ఏంటంటే, ఏ గంట తీసుకోవాలని వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవడం. ఒక జంట తమ పాప పుట్టిన గంట తీసుకుంది. నైట్ షిఫ్ట్ చేసే నర్సులు ముగ్గురు కలిసి తెల్లవారుజామున మూడు గంటలది పంచుకున్నారు. మాస్టర్స్ చదివే కుర్రాళ్లు, పార్ట్ టైం జీతం ఇంకా రాలేదంటూనే, తలా కొంత వేసుకుని ఒక అర్ధగంట తీసుకున్నారు. అమ్మ నాలుగింటి గడి ఎవరికీ ఇవ్వొద్దంది. తమ్ముడు తెనాలి ఆసుపత్రిలో పుట్టింది తెల్లవారి నాలుగింటికి. తన దగ్గరున్న పౌండ్లు లెక్కపెట్టి కవర్లో పెట్టి ఇచ్చింది. 24 గంటలకీ 114 చొప్పున వేస్తే 2,736 అవుతుంది. మిగిలిన నాలుగు పౌండ్లు పెద్దది తన కిడ్డీ బ్యాంకులోంచి తెచ్చింది.

ఆ సాయంత్రానికి గళ్లన్నీ నిండలేదు. రాత్రిపూట గంటలు కొన్ని మిగిలాయి. పట్టిక ఫొటో వాట్సాప్‌లో పెట్టాం. ఖాళీ గళ్లు కనపడుతుంటే ఊరుకోలేరు మనుషులు. ఏప్రిల్ మొదట్లోనే నిండిపోయింది. తిండి, రాఫిల్, స్కూలు, ఆఫీసు వాటా కలిపి ఇంకా పైకి వెళ్లింది.

మిగిలిన రాత్రి గంటల్లో రెండు తీసుకున్నాయన గురించి చెప్పాలి. వేరే ఊరు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశారు. వాళ్లావిడకి మెనింజియోమా, అంటే మెదడు చుట్టూ ఉండే పొరల్లో పుట్టే కణితి, ఆపరేషన్ అయింది, బాగానే ఉన్నారు. మెనింజియోమాలు చాలావరకు క్యాన్సర్ కావు. అయినా ఇండియాలో ఎవరికీ చెప్పలేదట. వాళ్లావిడ చెల్లెలికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, 'వాళ్లింట్లో బ్రెయిన్ ట్యూమర్' అంటే వెనక్కి వెళ్లిపోతారని భయం. పట్టికలో పేరు రాయొద్దన్నారు. రాయలేదు. ఇలాంటి ఫోన్లు ఇంకా వచ్చాయి. ఇన్నేళ్లుగా ఒకే హాల్లో ఉగాది పచ్చడి తిన్నవాళ్లం, ఒకరి ఇంట్లో సంగతి ఇంకొకరికి తెలియలేదు. పెళ్లి సంబంధాల విషయంలో ఆయన భయం నాకు అర్థమవుతుంది, కానీ చాలావరకు ఇవి వంశంలో వచ్చే జబ్బులు కావు. ఆ మాట మాత్రం ఆయనకి చెప్పాను. వాళ్ల మామగారికి చూపించడానికి డాక్టరుతో రాయించుకోమన్నాను.

జూన్‌లో పలక పెట్టడానికి రమ్మన్నారు. క్వీన్ మేరీ యూనివర్సిటీ వాళ్ల బ్లిజార్డ్ ఇన్‌స్టిట్యూట్, వైట్‌చాపెల్‌లో. రెడింగ్ నుంచి ఎలిజబెత్ లైన్ ఎక్కితే మారకుండా అక్కడే దిగొచ్చు. అద్దాల భవనం. లాబులు నేలకి దిగువన ఉంటాయి, పైన రంగురంగుల గదులు గాల్లో వేలాడుతున్నట్టు కట్టారు. చిన్నాడు వాటినే చూస్తూ నడిచాడు. మాతోపాటు ఇంకొన్ని కుటుంబాలు వచ్చాయి, ఒక్కొక్కరూ ఒక ఫొటో పట్టుకుని. పలకలు పెట్టాక లాబు చూపించారు.

ఒక యువ పరిశోధకురాలు మైక్రోస్కోప్ దగ్గర నిలబెట్టింది. పక్కన ప్లాస్టిక్ సీసాలో గులాబి రంగు ద్రవం, అడుగున కంటికి కనపడని కణాలు. ఆపరేషన్లో తీసిన కణితి ముక్కల్లోంచి పెంచినవి. ఇక్కడ ప్రొఫెసర్ సిల్వియా మరీనో బృందం చేసే పని ఏంటంటే, ఒక రోగి కణితిలో ఉన్న మూలకణాలని (స్టెమ్ సెల్స్), అదే రోగి ఒంట్లోంచి తీసిన మంచి కణాల నుంచి తయారుచేసిన నాడీ మూలకణాలతో పోల్చి చూడటం. మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడాలు అడ్డురాకుండా, ఆ ఒక్క మనిషిలో మంచి కణం ఎక్కడ దారి తప్పిందో కనిపిస్తుంది. దాన్నిబట్టి ఏ మందుకి దెబ్బతింటుందో వెతుకుతారు.

అమ్మ చాలాసేపు ఆ కటకంలోకి చూసింది. "ఇవి ఎవరివి?" అని అడిగించింది. పేర్లు తమకీ తెలియవని, నంబర్లే ఉంటాయని ఆ అమ్మాయి చెప్పింది. "ఏం తింటాయి?" అంది అమ్మ. నేను కాస్త మొహమాటపడుతూనే ఇంగ్లీషులో అడిగాను. ఆ అమ్మాయి ఎంతో శ్రద్ధగా చెప్పింది: చక్కెర, అమైనో ఆమ్లాలు, పెరగడానికి కావలసిన ప్రోటీన్లు. రెండు మూడు రోజులకోసారి ఆ ద్రవం మార్చాలి, లేకపోతే చచ్చిపోతాయి. ఆదివారం వంతు వచ్చినా వచ్చి మార్చి వెళ్తారట. ఆ ప్రోటీన్లు వేలి గోరంత సీసాకే వందల పౌండ్లు అని చూపించింది. మరదలు ఆ సీసాని చూసి, "ఇది మన స్టాల్లో ఎన్ని బొబ్బట్లు వదినా?" అంది. ఇద్దరం అక్కడే లెక్క కట్టుకున్నాం.

వచ్చేటప్పుడు ఆ అమ్మాయి ఒక మాట చెప్పింది. డబ్బుతోపాటు తమకి ఎప్పుడూ కావలసింది కణితి కణజాలం. దానికి రోగి ఒప్పుకుని సంతకం పెట్టాలి. తమ్ముడు ఆపరేషన్ ముందు అలాంటి కాగితం మీద సంతకం పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. కుడిచెయ్యి అప్పటికే సరిగా కదలడం లేదు, పేరు గీత దాటి పోయింది. వాడి కణాలు ఏ ఊళ్లో, ఏ ఫ్రీజర్‌లో ఉన్నాయో మాకు తెలియదు, తెలుసుకోనక్కర్లేదు.

అందుకని ఇప్పుడు నాకు ఫోన్ చేసి ఎలా మొదలుపెట్టాలని అడిగేవాళ్లకి చందాల సంగతి తర్వాత చెబుతాను. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ దగ్గర్లో ఉంటే ముందు ఆ కాగితం గురించి అడుగుతాను. వైద్యానికి ఎలాగూ తీసే ముక్కే, పరీక్షకి పంపగా మిగిలింది ఇవ్వడమే, దానికోసం విడిగా కొయ్యరు. ఇష్టం లేకపోతే వద్దనొచ్చు, వైద్యం ఏమీ మారదు. కొన్నిచోట్ల హడావుడిలో ఆ కాగితం ఇవ్వడం మర్చిపోతారు. ఇవ్వకపోతే, కణజాలం పరిశోధనకి ఇస్తాం, ఎవరితో మాట్లాడాలి అని మీరే వార్డులో స్పెషలిస్ట్ నర్సుని అడగండి.